మనీలా కోటగోడ: బురుజు చుట్టూ తవ్వని కందకం

1762 సెప్టెంబరు 24న బ్రిటిష్ సేన, స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాకు దక్షిణాన, మలాతె ఊరి దగ్గర ఒడ్డుకు దిగింది. అక్టోబరు 6న తెల్లవారేసరికి నగరం వాళ్ల చేతికి వచ్చేసింది. స్పెయిన్ రెండు శతాబ్దాలపాటు కట్టుకుంటూ, పెంచుకుంటూ వచ్చిన ప్రాకారం పన్నెండు రోజులు నిలిచింది. ఎందుకిలా జరిగిందంటే చరిత్రకారులు చెప్పే కారణాలు చాలానే ఉన్నాయి. గవర్నర్ పదవి ఖాళీగా ఉండి ఆర్చిబిషప్ మాన్యుయెల్ రోహో తాత్కాలికంగా పాలిస్తున్నాడు. స్పెయిన్‌కూ బ్రిటన్‌కూ యుద్ధం మొదలైందన్న కబురు శత్రువుల ఓడలు కనిపించేదాకా నగరానికి అందలేదు. లోపల సైనికులు తక్కువ. ఇవన్నీ నిజమే.

పాత కోటగోడల మరమ్మతు నా వృత్తి కాబట్టి నా కళ్లు ఇంకో చోట ఆగుతాయి. దాడి నడిపించిన విలియం డ్రేపర్ తన నివేదికలో తాను ఎదుర్కొన్న గోడను ఒక ఇంజనీరులాగా వర్ణించాడు. సాన్ డియెగో, సాన్ ఆండ్రెస్ బురుజులు చక్కగా ఉన్నాయి, వాటి నిండా మంచి ఇత్తడి ఫిరంగులున్నాయి అన్నాడు. తర్వాత లోపాలు చెప్పాడు. ద్వారం ముందున్న అడ్డుకోటలో ఫిరంగులు పెట్టలేదు. కందకం అవతలి గట్టున సైనికులు నడిచే దారి మరమ్మతు లేక పాడైపోయింది. దాని ముందరి మట్టివాలు మరీ పల్లంగా ఉంది. సాన్ డియెగో బురుజు ముక్కు, అంటే ముందుకు పొడుచుకొచ్చిన కొన, చుట్టూ కందకం తవ్వనే లేదు. అందుకే అక్కడ గోడ పగలగొట్టాలని నిర్ణయించుకున్నారు.

అంటే రాయిలో లోపం లేదు, ఫిరంగుల్లోనూ లేదు. లోపమంతా మట్టిపనిలో ఉంది. ఈ కోట విషయంలో నేను చెప్పదలచుకున్నది కూడా అదే: కోటగోడను కాపాడేది దాని ముందున్న నేల, దాని పాదం దగ్గరి నీటిని మనం పెట్టే అదుపు. మనీలా గోడ 1762లో దెబ్బతిన్నది ఈ విషయంలోనే. ఇప్పుడు దాన్ని రక్షించే పనిలోనూ అందరికంటే వెనకపడేది ఇదే.

గోడ ఎలా లేచింది

1571 జూన్ 24న మిగెల్ లోపెస్ దె లెగాస్పి మనీలాను స్పానిష్ నగరంగా ప్రకటించాడు. పాసిగ్ నది మనీలా అఖాతంలో కలిసే మూల అది. అంతకుముందు అక్కడే రాజా సులేమాన్ కోట ఉండేది, మట్టితో, దుంగలతో కట్టింది. స్పానిష్ వాళ్లు కూడా మొదట దుంగలే పాతుకున్నారు. 1574లో చైనా సముద్రపు దొంగ లిమహోంగ్ దండెత్తి వచ్చినప్పుడు నగరం అతికష్టం మీద నిలబడింది. 1583లో గవర్నర్ రోంకిల్యో అంత్యక్రియల సందర్భంగా వెలిగించిన కొవ్వొత్తుల నుంచి నిప్పంటుకుని ఊరు తగలబడిపోయింది. రాతి కట్టడాల మీదికి మనసు మళ్లింది ఆ తర్వాతే.

అదే దశాబ్దంలో జెసూట్ మతగురువు అంటోనియో సెదెన్యో నగరం నైరుతి మూలన ఒక గుండ్రటి రాతి కోట కట్టించాడు. పేరు నుయెస్త్ర సెన్యోరా దె గీయా. తర్వాత వచ్చిన గవర్నర్ గోమెస్ పెరెస్ దాస్‌మరీన్యాస్ 1590 నుంచి 1593 వరకు మొత్తం నగరాన్ని చుట్టే రాతి ప్రాకారం పని మొదలుపెట్టి ముందుకు తీసుకెళ్లాడు. ఖర్చుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. పేకముక్కల అమ్మకం మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, అతిగా జూదమాడేవాళ్ల మీద జరిమానాలు అందులో పెద్ద భాగం. చెమట ఓడ్చింది మాత్రం స్థానిక ఫిలిపినోలు, చైనీయులు. ఆ దాస్‌మరీన్యాస్ చివరికి 1593లో తన ఓడ తెడ్లు వేసే చైనీయుల తిరుగుబాటులోనే హతమయ్యాడు.

రాయి పాసిగ్ నదికి ఎగువన గ్వాదలూపె ప్రాంతపు గనుల నుంచి పడవల మీద వచ్చింది. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన రాయి అది. అక్కడివాళ్లు అడోబి అంటారు. గనిలో నుంచి తీసినప్పుడు మెత్తగా ఉండి గొడ్డలితో కూడా చెక్కుకోవచ్చు. గాలి తగిలాక కాస్త గట్టిపడుతుంది. మన గ్రానైట్‌తో గానీ, ఇసుకరాయితో గానీ దీన్ని పోల్చడానికి లేదు. ఇది స్పాంజిలా నీళ్లు పీలుస్తుంది. అయితే నీళ్లు వెనక్కి పోయే దారి ఉంటే ఎన్ని తరాలైనా నిలుస్తుంది. రాళ్ల మధ్య సున్నం, బయట సున్నపు పూత ఉన్నంతకాలం ఆ దారి ఉంది.

ఈ ప్రాకారం చుట్టుకొలత సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. దాని లోపలి విస్తీర్ణం దాదాపు 64 హెక్టార్లు. ఎత్తు ఏడు మీటర్లకు కొంచెం అటూఇటూ. మందం చోటుకో రకం. రెండో ప్రపంచ యుద్ధపు అమెరికన్ సైనిక చరిత్రలో అడుగున కొన్నిచోట్ల 40 అడుగులు అని ఉంది. రెండు వైపులా రాతి ముఖం, మధ్యలో నింపుడు. ఫిరంగి గుండు తగిలితే ఆ దెబ్బను మింగేది ఈ నింపుడే. పడమట సముద్రం, ఉత్తరాన పాసిగ్ నది. మిగిలిన రెండు వైపులా, అంటే దక్షిణాన, తూర్పున, నేల. అందుకే కందకం, అడ్డుకోటలు, మట్టివాలు ఆ రెండు వైపులే కావలసివచ్చాయి.

భూకంపాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1645లో, 1863లో, 1880లో మనీలాను పెద్ద భూకంపాలు కుదిపేశాయి. 1863లో కెతడ్రల్, గవర్నర్ భవనం కుప్పకూలాయి. ఎత్తయిన కట్టడాలకు జరిగినంత నష్టం పొట్టిగా, లావుగా ఉన్న ప్రాకారానికి జరగలేదు. గోడకు అసలు శత్రువులు మనుషులు, నీళ్లు.

ద్వారాలు

గోడ కంటే ద్వారాలే ఆ నగరపు మనసు ఎక్కువ చెబుతాయి. దక్షిణాన పుయెర్తా రెయల్, గవర్నర్ ఊరేగింపుగా ప్రవేశించే రాజద్వారం. ఈశాన్యాన పారియన్ ద్వారం. దాని అవతల చైనా వర్తకుల పేట ఉండేది. పట్టు, పింగాణీ, రొట్టె, చెప్పులు, ఏది కావాలన్నా నగరం ఆ పేట మీదే ఆధారపడేది. అయినా చైనీయులను గోడ లోపల ఉండనివ్వలేదు. సాన్ గాబ్రియెల్ బురుజు ఫిరంగులు ఎప్పుడూ ఆ పేట వైపే చూస్తుండేవి. 1603లో, 1639లో చైనీయులు తిరగబడ్డారు, వేల సంఖ్యలో చనిపోయారు. తిండి పెట్టే చేతి మీదే ఫిరంగి గురిపెట్టిన ఈ ద్వారం దగ్గర నాకు ప్రతిసారీ మనసు బరువెక్కుతుంది.

పడమటి గోడలో సాంతా లూసియా ద్వారం. అప్పట్లో దాని ముందు నుంచే సముద్రం. పాసిగ్ వైపు సాంతో దొమింగో ద్వారం, గిడ్డంగుల ద్వారం ఉండేవి. గవర్నర్ భవనానికి దగ్గర్లో పోస్తీగో అని ఒక చిన్న ద్వారం. మన కోటల్లో దిడ్డి వాకిలి అంటామే, అలాంటిది. 1852 వరకు రాత్రి 11 గంటలకు వంతెనలు పైకి లేపి, తెల్లవారుజామున 4 గంటలకు దించేవారు. ఆ ఏడాది భూకంపం తర్వాత ఆ కట్టుబాటు తీసేశారు. 1861లో రెండో ఇసబెల్ రాణి పేరుతో ఇంకో ద్వారం తెరిచారు. స్పానిష్ కాలంలో తెరిచిన ఆఖరి ద్వారం అదే. నది అవతలి వ్యాపార కేంద్రానికి జనం రాకపోకలు పెరగడం వల్ల వచ్చింది. రక్షణ కోసం కాకుండా రద్దీ కోసం గోడను తొలిచారంటే అప్పటికే గోడకు పని తగ్గిపోయిందని అర్థం.

1762: మద్రాసు నుంచి వచ్చిన దాడి

ఆ ఓడలు బయల్దేరింది మన పక్కనున్న మద్రాసు నుంచి. నౌకాదళానికి అధిపతి శామ్యూల్ కార్నిష్. సేనలో 79వ రెజిమెంటు, ఫిరంగి దళం, ఈస్టిండియా కంపెనీ సిపాయిలు, లాస్కర్లు (ఓడ పనివాళ్లు) ఉన్నారు. యుద్ధం ముగిశాక వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోయిన సిపాయిల సంతతి మనీలాకు తూర్పున కాయింతా ఊళ్లో కలిసిపోయింది. మద్రాసుకు మనీలా అప్పటికే కొత్త కాదు. కోరమాండల్ నూలుబట్టలు ఆర్మీనియన్ వర్తకుల పేరుతో మనీలాకు వెళ్లేవి. ఆ వ్యాపారంలో సంపాదించిన పెట్రస్ ఉస్కాన్ 1726లో మద్రాసులో అడయారు నది మీద వంతెన కట్టించాడు. అంటే ఆ రేవు, ఆ నగరం మద్రాసు వర్తకులకు బాగా తెలిసినవే.

దిగిన సేన ముందుగా మలాతె చర్చిని, తర్వాత ఎర్మితా చర్చిని, ఆ తర్వాత గోడకు కొన్ని వందల గజాల్లో ఉన్న సాంటియాగో చర్చిని పట్టుకుంది. ఇవన్నీ దిట్టమైన రాతి కట్టడాలు. వానాకాలపు తుపానులో తలదాచుకోవడానికి, ఫిరంగులను మరుగున పెట్టడానికి, లోపల ఏం జరుగుతోందో చూడటానికి శత్రువుకు ఇంతకంటే ఏం కావాలి? కోట ముందర ఫిరంగి గుండు పోయేంత దూరం నేల ఖాళీగా ఉండాలన్నది కోట కట్టేవాళ్లు మొదట నేర్చుకునే విషయం. ఆ నేలలో చర్చి వెనక చర్చి లేచింది. కాదనడం ఏ గవర్నర్ వల్లా కాలేదు.

తర్వాతి ఘట్టం ఈ కోట కథలో నేను తప్పకుండా చెప్పే వివరం. రాత్రిపూట ఒక చిన్న దళం కందకం లోతు కొలవడానికి వెళ్లింది. వెడల్పు సుమారు 30 గజాలు, నీళ్లు అయిదు అడుగులే అని కొలుచుకుని వచ్చారు. మనిషి నిలబడితే తల బయటికే ఉంటుంది. నీటి కందకాన్ని దాటనివ్వనిది దాని వెడల్పు మాత్రమే కాదు, అడుగున పేరుకున్న బురదను ఏటా తోడి లోతును కాపాడుకోవడం. పూడిక తీయని కందకం కాగితం మీద మాత్రమే కందకం. దానికి తోడు సాన్ డియెగో బురుజు ముక్కు దగ్గర ఆ మాత్రం నీళ్లు కూడా లేవు.

ఫిరంగులు ఆ బురుజు మీదే గురిపెట్టాయి. రాతి ముఖం విరిగి, నింపుడు కిందికి జారింది. కందకం ఉండి ఉంటే ఆ శిథిలం అందులో పడేది, పైకెక్కడానికి దారి అయ్యేది కాదు. కందకం లేకపోవడంతో శిథిలమే మెట్లుగా మారింది. అక్టోబరు 6న తెల్లవారుతుండగా బ్రిటిష్ సేన దాని మీదుగా ఎక్కింది. రాజద్వారం దగ్గర మేజర్ మోర్ బాణం దెబ్బకు చనిపోయాడు. ఆ ద్వారం మీది కాపలా గదిలో లొంగకుండా పోరాడిన సుమారు వందమందిని చంపేశారు. స్పానిష్ అధికారి సిమోన్ దె ఆందా నగరం దాటిపోయి పంపాంగా ప్రాంతంలోని బకొలోర్ నుంచి ప్రతిఘటన నడిపాడు. ఒప్పందం ప్రకారం 1764లో మనీలా తిరిగి స్పెయిన్‌కు వచ్చింది.

దీని పక్కన కొలంబియాలోని కార్తహేనా నగరాన్ని పెట్టి చూడండి. 1741లో బ్రిటిష్ అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద నౌకాదళంతో వచ్చాడు. నగరపు గోడ దాకా రాలేకపోయాడు. రేవు ముఖద్వారంలోని బోకాచీకా కోటలు అతన్ని వారాల తరబడి ఆపాయి, సాన్ ఫెలిపె కొండకోట మీది దాడి విఫలమైంది, మిగతా పని జ్వరాలు చేశాయి. గోడకు బయటే యుద్ధం ముగిసింది. మనీలాలో ఆ బయటి భాగమే నిర్లక్ష్యంలో పడింది.

స్పెయిన్ పాఠం నేర్చుకుంది

తిరిగి వచ్చిన స్పానిష్ పాలకులు చేసిన పని చూస్తే డ్రేపర్ రాసిన లోపాల జాబితాను ముందు పెట్టుకుని పని మొదలుపెట్టారా అనిపిస్తుంది. గోడకు దగ్గరి చర్చిలను కూల్చి, గోడ బయటి బగుంబాయన్ ప్రాంతాన్ని ఖాళీ మైదానం చేశారు. ఆ మైదానంలోనే 1896 డిసెంబరు 30న ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసె రిసాల్‌ను కాల్చి చంపారు. ఈనాటి రిసాల్ పార్కు అదే. మనీలా నడిబొడ్డున అంత పెద్ద ఖాళీ జాగా మిగలడం వెనక ఫిరంగుల గురి కోసం చేసిన ఆ ఏర్పాటు ఉంది. రాజద్వారాన్ని 1780లో వేరే చోట కొత్తగా కట్టారు. ద్వారాల ముందు అడ్డుకోటలు బలపడ్డాయి. గవర్నర్ హోసె బాస్కో కాలంలో సాంతా లూసియా ద్వారం రూపు మార్చుకుంది. మెడిసిన్ చదువు కోసం మనీలా వెళ్లిన మన పిల్లలు ఈ రోజు సెల్ఫీలు దిగే గోడలో ఎక్కువ భాగం రూపం ఈ 18వ శతాబ్దపు చివరి పనిదే.

నేలనూ నీటినీ తీసేసిన కాలం

1898 తర్వాత అమెరికన్ పాలన వచ్చింది. ఫిరంగులు మారిపోయాయి, రాతిగోడ సైనికంగా దేనికీ పనికిరాదు. రేవును వెడల్పు చేయడానికి 1903లో పాసిగ్ వైపు గోడను ఒక పొడవున తీసేశారు. వాహనాల కోసం కొన్నిచోట్ల గోడను కోసి రోడ్లు వేశారు. పడమటి వైపు అఖాతంలో మట్టి పోసి రేవు ప్రాంతాన్ని పెంచడంతో సాంతా లూసియా ద్వారం ముందు నుంచి సముద్రం దూరం జరిగింది. కందకం అప్పటికి మురుగుగుంటగా మారి, దోమలకు నిలయంగా ఉండేది. దాన్ని పూడ్చేశారు.

ఇక్కడ డేనియల్ బర్నమ్‌ను మెచ్చుకోవాలి. 1905లో మనీలాకు నగర ప్రణాళిక ఇచ్చిన ఈ అమెరికన్ ఆర్కిటెక్ట్ గోడలను కూల్చవద్దన్నాడు. కందకం జాగాను చుట్టూ పార్కుగా చేయమన్నాడు. అప్పటికి ఐరోపాలో ఎన్నో నగరాలు గోడలు పడగొట్టి రోడ్లు వేసుకున్నాయి. ఆ మాట చెప్పకపోతే ఈ గోడే ఉండేది కాదు. అయితే పార్కు తర్వాత గోల్ఫ్ మైదానమైంది. ఇప్పటికీ గోడ చుట్టూ ఉన్నది అదే.

ఒక మరమ్మతు ఇంజనీరుగా నాకు టెన్షన్ పుట్టించేది ఈ పూడ్చిన నేలే. కందకం శత్రువును ఆపేది మాత్రమే కాదు. గోడ పాదానికి అది పెద్ద డ్రెయిన్ కూడా. గోడ పైనుంచి, నగరం లోపలి నుంచి వచ్చే వాననీరు అందులోకి దిగిపోయేది. పూడ్చాక నేల మట్టం గోడ ఒంటి మీదికి పైకి వచ్చింది. మనీలాలో ఏటా సుమారు రెండు మీటర్ల వాన కురుస్తుంది. ఎండాకాలంలో పచ్చికకు పెట్టే నీరు దానికి అదనం. నీళ్లు పీల్చే రాయి పాదం ఏడాది పొడవునా తడి మట్టిలో ఉంటే చెమ్మ పైకి ఎగబాకుతుంది, ఎక్కడ ఆరితే అక్కడ ఉప్పు పువ్వు పూస్తుంది, రాయి పొడిపొడిగా రాలుతుంది. ఏ కోట దగ్గరైనా నేను మొదట చూసేది మోకాలి నుంచి నడుము ఎత్తు మధ్య ఉండే ఆ పట్టీనే.

చెమ్మ ఇక్కడ కొత్త సమస్య కూడా కాదు. నది ముఖాన ఉన్న సాంటియాగో కోటలో, సాంతా బార్బరా బురుజు అడుగున మందుగుండు కోసం గదులు కట్టారు. చెమ్మ ఎక్కువై మందు పాడవడంతో అవి ఆ పనికి పనికిరాలేదు. తర్వాత అవి చెరసాలలయ్యాయి. 1945లో వాటిలో దొరికిన సుమారు 600 మంది అవశేషాలకు గుర్తుగా పక్కనే తెల్లటి పాలరాతి శిలువ ఉంది.

1945

ఫిబ్రవరి 3 నుంచి మార్చి 3 వరకు జరిగిన మనీలా యుద్ధంలో లక్ష మందికి పైగా పౌరులు చనిపోయారు. జపాన్ సేనలు చివరికి ఇంట్రామురోస్‌లో, అంటే ఈ గోడ లోపలి పాత నగరంలో, చేరాయి. లోపల వేల మంది పౌరులు చిక్కుకున్నారు. అమెరికన్ సేనాధిపతి మెకార్థర్ విమానాలతో బాంబులు వేయడానికి ఒప్పుకోలేదు, కానీ ఫిరంగులకు అడ్డు చెప్పలేదు. ఎనిమిది అంగుళాల హొవిట్జర్లు, 240 మిల్లీమీటర్ల హొవిట్జర్లు తూర్పు గోడను రోజుల తరబడి కొట్టాయి. ఫిబ్రవరి 23 ఉదయం ఒక రెజిమెంటు పడవల మీద పాసిగ్ దాటి ఉత్తరం నుంచి వచ్చింది, మరొకటి తూర్పున కేసోన్, పారియన్ ద్వారాల గుండా లోపలికి వెళ్లింది. ఆ గుండ్లకు ఏ కందకమూ అడ్డం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రాకారంలో దాదాపు 40 శాతం నాశనమైంది. లోపలి చర్చిలలో ఒక్క సాన్ ఆగుస్తిన్ మాత్రం నిలబడింది. 1607లో పూర్తయిన ఆ చర్చి ఇప్పుడు ప్రపంచ వారసత్వ కట్టడం.

తిరిగి కట్టిన గోడ

1951లో ఇంట్రామురోస్‌ను చారిత్రక స్థలంగా ప్రకటించారు. 1979లో 1616వ నంబరు అధ్యక్ష డిక్రీతో ఇంట్రామురోస్ అడ్మినిస్ట్రేషన్ ఏర్పడ్డాక పని ఒక దారిలో పడింది. ద్వారాలు, బురుజులు ఒక్కటొక్కటిగా లేచాయి. 1903లో తీసేసిన పాసిగ్ వైపు గోడను కూడా ఇటీవలి కాలంలో తిరిగి కట్టారు. సాన్ డియెగో బురుజులో 1979 నుంచి 1992 వరకు తవ్వకాలు జరిగాయి. సెదెన్యో కట్టించిన ఆ తొలి గుండ్రటి కోట పునాదులు, ఒకదాని లోపల ఒకటిగా ఉన్న రాతి వలయాలు, బయటపడ్డాయి. నగరంలోని మొదటి రాతి కోట, 1762లో నగరం ఓడిపోయిన చోటు, రెండూ ఒకే బురుజులో ఉన్నాయి. వృత్తిరీత్యా ఎన్నో కోటలు చూశాను. పుట్టుక, పతనం ఇంత దగ్గరగా చదువుకోగలిగిన చోటు ఇంకోటి నాకు తెలియదు.

తిరిగి కట్టడాన్ని తప్పుపట్టేవాళ్లున్నారు. నేను ఆ పక్షం కాదు. ఒక నగరం నెల రోజుల్లో తన జనాన్ని, తన రూపాన్ని పోగొట్టుకుంటే ద్వారాలైనా మళ్లీ నిలబెట్టుకోవాలనుకోవడం సహజం. నా అభ్యంతరం పద్ధతి మీద. 20వ శతాబ్దంలో ప్రపంచమంతా చేసినట్టే ఇక్కడా సిమెంటు వాడకం జరిగింది. అడోబి రాళ్ల మధ్య సిమెంటు పాయింటింగ్ చేసిన, అంటే సందులను సిమెంటుతో పూడ్చిన, చోట ఏమవుతుందో దగ్గరగా వెళ్లి చూస్తే తెలుస్తుంది. సిమెంటు రాయి కంటే గట్టిది, నీటిని పోనివ్వదు. రాయిలోని చెమ్మకు సందుల గుండా ఆరే దారి మూసుకుపోయి, రాయి ముఖం నుంచే ఆరుతుంది. ఉప్పు కూడా అక్కడే పేరుకుంటుంది. కొన్నేళ్లకు రాయి లోపలికి అరిగిపోయి సిమెంటు గీతలు మాత్రం గళ్లుగళ్లుగా బయటికి పొడుచుకొస్తాయి. చేత్తో రుద్దితే రాయి పిండిలా రాలుతుంది, సిమెంటు మాత్రం ఇనుములా నిలుస్తుంది. చూసేవాళ్లు సిమెంటు ఎంత గట్టిగా ఉందో అనుకుంటారు. నాకు మాత్రం రాయి ఓడిపోతున్న చోటు కనిపిస్తుంది.

రెండో విషయం పూత. పాత గోడకు సున్నపు పూత ఉండేది. రాయి బయటికి కనిపిస్తే పురాతనంగా ఉంటుందని దాన్ని గీకేయడం ఫిలిప్పీన్స్‌లోని పాత చర్చిల మీద కూడా విరివిగా జరిగింది. మన దగ్గరా ఈ మోజు తక్కువేమీ కాదు. గ్రానైట్ తట్టుకుంటుంది. ఈ రాయి తట్టుకోదు. మూడోది గోడ సందుల్లో మొలిచే మర్రి, రావి జాతి చెట్లు. పైన కోసేస్తే వేరు ఇంకా బలంగా లోపలికి పోతుంది. చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసి సున్నంతో నింపాలి, పెద్దదైతే ముందు వేరును చంపి, అది ఎండాక తీయాలి.

నాకు అవకాశం ఉంటే పని ఎక్కడ మొదలుపెడతాను

ద్వారాల దగ్గర మాత్రం కాదు. ద్వారాలకు డబ్బు దొరుకుతుంది, ప్రారంభోత్సవానికి మంత్రులు వస్తారు, ఫొటో బాగా వస్తుంది. డ్రెయిన్‌కు రిబ్బన్ కట్ చేయడానికి ఎవరూ రారు. అందుకే ఎవరో ఒకరు దాని గురించి గట్టిగా మాట్లాడాలి.

ముందు గోడ పైభాగం. జనం నడిచే ఆ దారి మీద పడ్డ నీరు ఎటు పోతోందో ఒక పెద్ద వానలో గొడుగు వేసుకుని నిలబడి చూడాలి. డ్రాయింగులు చెప్పని నిజం అరగంట వాన చెబుతుంది. పాత నీటి గొట్టాలు మూసుకుపోయి ఉంటే తెరవాలి. నీరు నిలిచే చోట వాలు సరిచేయాలి, సున్నపు గచ్చుతో.

తర్వాత పాదం. సాన్ డియెగో బురుజు దగ్గర, పచ్చిక కింద, గోడకు ఆనుకుని ఒక పరీక్ష గుంట తవ్వాలి. పురావస్తు శాస్త్రవేత్త పక్కన ఉండగానే తవ్వాలి, ఎందుకంటే 1762 శిథిలం అక్కడే ఉండొచ్చు. అసలు కందకం అడుగు ఎక్కడుంది, పూడిక ఎంత మందం, భూగర్భజలం ఎండాకాలంలో ఎక్కడ, వానాకాలంలో ఎక్కడ అన్నది తేలాలి. కనీసం ఏడాదిపాటు నీటి మట్టం కొలిచే గొట్టాలు పెట్టి చూడాలి. దాన్ని బట్టి గోడ వెంబడి కొంత వెడల్పున మట్టిని తగ్గించి, కంకర డ్రెయిన్ వేసి, ఆ పట్టీలో పచ్చికకు నీరు పెట్టడం ఆపేయాలి. కందకమంతా తిరిగి తవ్వమని నేను అడగను. గోల్ఫ్ ఆడేవాళ్లు రెండు మూడు గజాలు వదులుకుంటే చాలు.

రాతిపని చివరన. సిమెంటు పాయింటింగ్‌ను మెషిన్‌తో కొట్టకూడదు, రాయి అంచులు పోతాయి. సన్నటి ఉలితో, చేత్తో తీయాలి. అది కూడా రాయి కంటే సిమెంటు ముందే వదులైన చోటే. గట్టిగా పట్టుకున్న చోట రాయి పాడవుతుంది కాబట్టి ఇంకొన్నేళ్లు ఆగాలి. కొత్త సున్నం రాయి కంటే మెత్తగా ఉండాలి. దాని నమూనా పలకలు ఒక వానాకాలం ఎదుర్కొన్నాకే గోడ మీదికి పోవాలి. తిరిగి కట్టిన భాగానికి, పాత భాగానికి మధ్య గీత కనిపించేలా ఒక సన్నటి గుర్తు వదలాలి, దగ్గరికి వచ్చినవాళ్లకు తెలిసేలా. పూత ఎక్కడ తిరిగి వేయాలన్నది మాత్రం తడి కొలతలు వచ్చాక, పాదం ఆరడం మొదలయ్యాకే తేల్చాలి. తడిగా ఉన్న గోడకు పూత వేస్తే రెండో వానాకాలానికే ఊడి కింద పడుతుంది, ఆ ఖర్చు చూపించి సున్నమే పనికిరాదంటారు.